పన్నెండు సెకన్ల గోదావరి: ఒక ప్రకటన చిత్రం వెనక పని

రెండేళ్ళ కిందట జూలై మొదటి వారంలో ముంబై నుంచి నాకు ఒక స్టోరీబోర్డ్, అంటే తియ్యబోయే షాట్లను బొమ్మలుగా వేసిన కాగితం, వచ్చింది. ఆగస్టు 15కి టీవీల్లో, ఫోన్లలో వేసే ప్రకటన చిత్రం. నిడివి రెండు నిమిషాలు. దేశంలో పది ప్రాంతాల వాళ్ళు ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ కనిపిస్తారు, చివర్లో అందరూ జెండా వైపు చూస్తారు. తెలుగువాళ్ళ వాటా 12 సెకన్లు. ఆ పన్నెండు సెకన్లూ కోనసీమలో తియ్యాలి. లొకేషన్లు చూపించడం, మనుషుల్ని కుదర్చడం, మాట సరిచూడడం నా బాధ్యత. పధ్నాలుగేళ్ళుగా నేను చేస్తున్న పని ఇదే. మాది అంబాజీపేట దగ్గర ఊరు.

స్టోరీబోర్డ్‌లో నాలుగు ఫ్రేములున్నాయి. మొదటి దాంట్లో నీలం రంగు నది, కొబ్బరిచెట్లు, పడవ, లుంగీ మోకాళ్ళ పైకి మడిచి కట్టిన పడవవాడు. తర్వాత మండువా లోగిలి ముందు లంగా ఓణీ వేసుకుని ముగ్గు పెడుతున్న అమ్మాయి. ఆ తర్వాత నుదుట విభూతి రేఖలతో, డబరా గ్లాసులో కాఫీ పైకెత్తి పోసుకుంటున్న తాతగారు. ఆఖర్న ముగ్గురూ కెమెరా వైపు తిరిగి చేతులు జోడించి "అయ్యో, రండి రండి" అంటారు. వెనక నాదస్వరం.

ఇలాంటి కాగితాలు చాలా చూశాను కాబట్టి కోపం రాలేదు. దీని మూలం కూడా తెలుసు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా కోస్తా, సీమ తెలుగువాళ్ళం మద్రాసు రాష్ట్రంలో భాగం. ఉత్తరాది వాళ్ళకి వింధ్యకి ఇవతల ఉన్న అందరూ మద్రాసీలే. 1968లో వచ్చిన హిందీ సినిమా పడోసన్‌లో మెహమూద్ వేసిన సంగీతం మాస్టారు తమిళుడే అయినా, ఆ పిలక, ఆ నామాలు, ఆ "అయ్యో" మాత్రం మొత్తం దక్షిణాదికి అంటుకున్నాయి. మా స్టోరీబోర్డ్‌లో "అయ్యో" అక్కణ్ణుంచి నడిచొచ్చిందే అని నా నమ్మకం. అది రాసిన కుర్రాడు ఆ సినిమా చూసి ఉండకపోవచ్చు. చూడకపోయినా వచ్చేస్తుంది, అదే బాధ.

నాకు ఎప్పుడూ గుర్తొచ్చే విషయం ఇంకొకటుంది. ఆదుర్తి సుబ్బారావు గారు గోదావరి ఒడ్డున పడవవాడి కథగా తీసిన మూగమనసులు 1964లో వచ్చింది. ఆయనే దాన్ని హిందీలో మిలన్ పేరుతో 1967లో తీశారు. అందులో పడవవాడు గంగ మీద పడవ నడుపుతాడు. అప్పట్లో మన కథ అక్కడికి వెళ్ళింది, మన నది వెళ్ళలేదు. ఇప్పుడు మన నదిని అందరూ అడుగుతున్నారు, కథ మాత్రం ఎవరికీ అక్కర్లేదు. 12 సెకన్లలో ఎటూ కథ పట్టదు కదా అంటారు. పడుతుందని ఈ పనిలో నేను తెలుసుకున్నాను. అయితే దానికి ముందు ఒక తప్పు చేశాను.

నేను చేసిన మొదటి సవరణ

ఆ రాత్రే కూర్చుని తప్పుల జాబితా రాసి పంపాను. పడవవాడి లుంగీ కట్టు మలయాళీలలా ఉంది. డబరా గ్లాసు మా ఇళ్ళలో అంత మామూలు విషయం కాదు. "అయ్యో రండి" అని ఎవరూ పిలవరు, "రండి రండి, లోపలికి రండి" అంటారు. నాదస్వరం తీసేయండి. తెల్లారేసరికి జవాబు వచ్చింది, అన్నీ ఒప్పుకున్నారు.

ఒక్క పూటలో అన్నీ ఒప్పుకున్నారంటే ఆ సవరణలకు వాళ్ళకి ఖర్చు లేదన్నమాట. లుంగీ బదులు పంచె, కాఫీ బదులు పూతరేకులు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి ఆ ఫ్రేము వాళ్ళకి ఇంకా నచ్చింది. బొమ్మ మాత్రం అదే. అదే నీలం నది, అదే పెద్దిల్లు, అవే జోడించిన చేతులు. అరువు తెచ్చిన మూసను స్వంత మూసగా మార్చాను, అంతే. చాలామంది స్థానిక సలహాదారులం ఇక్కడే ఆగిపోతాం. వస్తువు సరిచేసి, ఊరిని సరిచేశామనుకుంటాం.

ఊరు నేర్చుకున్న వేషం

రెక్కీకి, అంటే షూటింగుకి ముందు చోట్లు చూసుకోవడానికి, దర్శకురాలు వచ్చింది. ముప్ఫై దాటని అమ్మాయి, లక్నో పిల్ల. వినే ఓపిక ఉన్న మనిషి. ముందు మండువా లోగిలికి తీసుకెళ్ళాను. ఆ ఇంటి మామ్మగారు ఒక్కరే ఉంటారు. కొడుకు హైదరాబాదులో, కూతురు అమెరికాలో. మమ్మల్ని చూడగానే "ఇత్తడి బిందెలు బైట పెట్టించనా బాబూ? పోయినసారి వాళ్ళు పెట్టించేరు" అన్నారు. వంటింట్లో వాడేవి స్టీలువి, ప్లాస్టిక్‌వి. ఇత్తడివి షూటింగుల కోసం తోమించి అటక మీద ఉంచుతారు. ఆ షూటింగుల అద్దెతోనే పెంకులు మార్పించారు. ఆవిణ్ణి తప్పు పట్టడానికి నోరెలా వస్తుంది?

రేవులో పడవ అతను ఇంకా సూటిగా అడిగాడు: "ఆయ్ అనాలాండి, మామూలుగా మాట్టాడాలాండి?"

నేను ఏమీ అనలేకపోయాను. దర్శకురాలు ఏమన్నాడని అడిగితే హిందీలో చెప్పాను. ఆమె నోట్‌బుక్ మూసేసింది. డెల్టాలో ఇది ఒక్కరోజులో వచ్చిన అలవాటు కాదు. 1967లో బాపు గారు సాక్షి సినిమాను పులిదిండిలో తీశారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా మా ఊళ్ళల్లో కెమెరా చూడని తరం లేదు. కెమెరాకి ఏది కావాలో మాకు తెలుసు, అది అడక్కుండానే ఇస్తాం. మూస అనేది పైనుంచి ఎవరో రుద్దేది మాత్రమే అనుకునేవాణ్ణి. సగం మేమే వండి వడ్డిస్తున్నాం.

ముగ్గు ఫ్రేము కోసం తొమ్మిదో తరగతి చదివే అమ్మాయిని ఎంచుకున్నాం. స్కూలు యూనిఫారంలో సైకిల్ మీద వచ్చింది. లంగా ఓణీ ఇస్తే పట్టుకుని చూసి, "ఇది ఎప్పటి కాలం కథ అండి?" అని అడిగింది. ఇప్పటిదే అని చెప్పాను. "పండగ కాదు కదండి" అంది. ఆ పిల్ల ప్రశ్న నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది. వేరే రాష్ట్రాల పిల్లలకి మేమెలా ఉంటామో చెప్పే చిత్రం ఇది. ఇక్కడి పిల్లలకి కూడా అదే చెప్తుంది: నువ్వు రోజూ ఉండేలా ఉంటే లెక్కలోకి రావు, వేషం వేసుకుంటేనే దేశంలో నీకు చోటు అని.

అండీ, ఆయ్

మాట సరిచూడడం నా పని కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. గోదావరి మాట అనగానే సినిమావాళ్ళు ప్రతి ముక్కకీ "అండీ" తగిలిస్తారు, మధ్యలో ఒక "ఆయ్" వేస్తారు, కాస్త సాగదీస్తారు. వెటకారం పాళ్ళు సమంగా కలుపుతారు. వినడానికి బాగుంటుంది. మాకూ నచ్చుతుంది, మా పెళ్ళిళ్ళలో మేమే ఆ డైలాగులు చెప్పుకుని నవ్వుకుంటాం.

నిజంగా అండి ఎలా పనిచేస్తుందో వినాలంటే కొబ్బరికాయల కొట్టు దగ్గర ఒక గంట నిలబడాలి. కూలీలు ఒకళ్ళతో ఒకళ్ళు "ఒరే, ఇటు దొర్లించరా" అనుకుంటారు. షావుకారు గుమ్మంలోకి రాగానే "వచ్చేసిందండి లోడు" అవుతుంది. షావుకారు తిరిగి "ఏరా, ఎంతైంది" అంటాడు. కూలీ వయసు షావుకారుకి రెట్టింపు ఉండొచ్చు. బయటివాళ్ళ చెవికి తీపిగా వినిపించే ఆ అండి లోపల ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పే గీత కూడా. స్నేహంగా అనే అండి ఉంది, ప్రేమతో అనేది ఉంది, భార్యాభర్తల మధ్య ముద్దుగా అనేది ఉంది. అయితే ఎవరు అంటారు, ఎవరికి అంటారు, తిరిగి ఏం వస్తుంది అన్నది చూపకుండా అండి ఒక్కదాన్నే చూపిస్తే మా మర్యాద సగమే తెలుస్తుంది.

ఆ సాయంత్రం మా సౌండ్ ఇంజినీరు నన్ను ఇంకోవైపు నుంచి కుదిపాడు. అతనిది కడప. "అన్నా, మీ ఊరంటే పాలూ తేనే చూపిస్తారు, మీరేమో ఇది మూస అని బాధపడతారు. మా ఊరి పేరు చెప్తే సుమోలు, కత్తులు. హైదరాబాదులో ఇల్లు అద్దెకి అడిగితే నవ్వుతూనే ఫ్యాక్షనా అంటారు" అన్నాడు. నిజమే. తెలుగు సినిమా చాలా ఏళ్ళు పచ్చని తెలుగు ఊరు అంటే గోదావరి ఊరు అన్నట్టే తీసింది. తెలంగాణ మాటను హాస్యగాళ్ళకీ రౌడీలకీ ఇచ్చింది, రాయలసీమను పగా ప్రతీకారాలకి ఇచ్చింది. తెలంగాణ ఉద్యమంలో ఈ ఫిర్యాదు గట్టిగా వినిపించింది, 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చాక కూడా ఆ గాయం వెంటనే మానలేదు. మాకు దక్కిన ముద్దు పేరు వేరేవాళ్ళకి చెడ్డపేరు తెచ్చిన తూకంలోదే. ఇది ఒప్పుకోకుండా మా మూస గురించి మాట్లాడడం నాకు న్యాయంగా అనిపించదు.

కారులో ఒక రోజు

"ఇక్కడ ఇంకేముంది?" అని దర్శకురాలు అడిగింది. మర్నాడు కారెక్కించి తిప్పాను. అమలాపురం నుంచి బోడసకుర్రు వంతెన మీదుగా గోదావరి పాయ వైనతేయ దాటితే పాశర్లపూడి. 1995 జనవరిలో అక్కడ గ్యాస్ బావి పేలి 65 రోజులు మండింది. మా ఊరి నుంచి రాత్రిపూట ఆకాశం ఎర్రగా కనిపించేది. మా అమ్మ ఆ వెలుగులో వాకిలి ఊడ్చేది. దిండి దగ్గర హౌస్‌బోట్లు చూపించాను. "ఆంధ్రా కేరళకి స్వాగతం" అని మేమే బోర్డులు పెట్టుకునే చోటు అది. చించినాడ వంతెన దాటి నర్సాపురం వైపు వెళ్తే అరుగుల మీద ఆడవాళ్ళు లేసు అల్లుతూ కనిపించారు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన అల్లిక అది, ఇప్పుడు మా అల్లికే. ఆ పక్క ఇళ్ళల్లో కువైట్, మస్కట్ వెళ్ళి ఇంటిపనులు చేసి వచ్చిన ఆడవాళ్ళున్నారు. దారి పొడుగునా వరి పోయి చెరువులు వచ్చిన చోట్లు. 2011లో కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్) పంట వెయ్యకుండా విరామం ప్రకటించిన సంగతి చెప్పాను. పచ్చటి పొలం అందరికీ కావాలి, ఆ పచ్చదనం గిట్టుబాటు కాక రైతు చేతులెత్తేసిన ఏడాది ఏ ఫ్రేములోనూ లేదు.

తిరిగొచ్చేటప్పుడు అమలాపురంలో నేను చెప్పాలా వద్దా అని ఆలోచించి చెప్పాను. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి అంబేడ్కర్ పేరు పెట్టాలన్న నిర్ణయానికి వ్యతిరేకంగా మే 24న జరిగిన గొడవల్లో ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఆ తర్వాత పేరు ఖాయమైంది. అంతకుముందు దాకా కోనసీమ అంటే ప్రశాంతం అని నేను కూడా వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాణ్ణి. ఆ ప్రశాంతత ఎవరు ఊరుకుంటే వచ్చిందో ఆ రోజు తెలిసింది. స్టోరీబోర్డ్‌లోని ఇల్లు, అరుగు, ముగ్గు అన్నీ పెద్దవీధిలోవి. పేటలోవి, అంటే దళితవాడలోవి, ఒక్కటీ లేవు. మా ఇల్లు కూడా అరుగులున్న ఇల్లే కాబట్టి ఆ లోటు నాకు పధ్నాలుగేళ్ళూ కనపడలేదు.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇవన్నీ 12 సెకన్లలో పెట్టలేం సర్" అంది. పెట్టమని నేనూ అనలేదు.

ముఖం

దారి చూపించింది మేమిద్దరం కాదు. మర్నాడు పొద్దున్న ఒక తోటలో దింపు జరుగుతుంటే ఆగాం. రెండు నెలలకోసారి కాయ దింపుతారు. దింపు కార్మికుడు ఒకాయన, ఏభై దాటి ఉంటాయి, కాళ్ళకి తాడు బందం వేసుకుని ఎక్కుతున్నాడు. మా కెమెరామన్ అలవాటుగా కింద నుంచి తియ్యబోయాడు. ఎండకి ఎదురుగా, నల్లటి నీడలా, కాళ్ళూ చెట్టూ కనపడేలా. ఆయన సగంలో ఆగి కిందికి చూసి అన్నాడు:

"ఎన్ని షూటింగులొచ్చినా నా కాళ్ళే తీసేరు బాబూ. మొకం ఎవరూ తియ్యలేదు."

కోపంగా అనలేదు, ఉన్న మాట అన్నాడు. నేను హిందీలో చెప్పే లోపే దర్శకురాలికి ఆ గొంతు అర్థమైంది. ఎదురు చెట్టుకి నిచ్చెన వేయించి, కెమెరాను ఆయన ఎత్తుకి తీసుకెళ్ళాలని అక్కడే నిర్ణయించింది. ఒకే షాట్. ఆయన పైకి వస్తాడు, గెల మీద చెయ్యి వేస్తాడు, చుట్టూ చూస్తాడు, కాయ కోస్తాడు. ఏమీ మాట్లాడడు. ఆయన చూసే చూపులో తోట, కాలువ, పేట, పెద్దవీధి అన్నీ వస్తాయి, వరసగా కాదు, ఒకే ఊరిగా. కథ పట్టదనుకున్న 12 సెకన్లలో కథ పట్టింది.

దీనికి నేను ఆమెకి ఇచ్చిన వాదన ప్రభల తీర్థం. కనుమ రోజున మా దగ్గర జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే వెదురుతో కట్టి రంగుబట్టలతో అలంకరించిన ఎత్తైన చట్రాలు, వస్తాయి. మనుషులు భుజాల మీద మోసుకుంటూ వరిచేలల్లోంచి, కౌశిక కాలువ నీళ్ళల్లోంచి తెస్తారు. చేను తొక్కినా రైతు ఏమనడు, మేలు జరుగుతుందనుకుంటాడు. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థమే. ఆ రోజు మా ఊళ్ళో టీవీల ముందు ఎంత గర్వపడ్డామో మాటల్లో చెప్పలేను. భుజాల మీద నడిచే ప్రభ అక్కడ బండి మీద నిలబడింది, అది తప్పదు. అయినా మాకు గుండె నిండింది, ఎందుకంటే అది మేము చేసే పని. దేశానికి మమ్మల్ని చూపించడం మాకు ఇష్టమే. అందంగా నిలబెట్టి చూపిస్తే కాదు, పనిలో ఉండగా చూపిస్తే.

అప్పటి నుంచి ఏ షాట్ వచ్చినా నేను ముందు అడిగేవి ఇవే: ఇది ఏ నెల, ఎవరి వాకిలి, కెమెరా ఎవరి ఎత్తులో ఉంది. వస్తువుల తప్పులు ఆ తర్వాత.

నీళ్ళ రంగు

పడవ ఫ్రేము మాత్రం క్లయింట్ వదల్లేదు. షూటింగ్ రోజులకి గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చేశాయి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, అప్పటికి బ్యారేజీ నుంచి 10 లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి పోతుంటాయి. పడవ దింపడం కుదరదు. హెచ్చరికకి ముందు రోజు పొద్దున్నే ఒడ్డు పక్కనే, లైఫ్ జాకెట్లు వేయించి, ఒక్క షాట్ తీసి ఒడ్డుకి వచ్చేశాం. ఆ ఉదయం నాకున్న టెన్షన్ ఇప్పటికీ గుర్తే.

తర్వాత ముంబై నుంచి మాట: నీళ్ళు మురికిగా కనిపిస్తున్నాయి, రంగు మారుస్తాం. నేను ఎంత చెప్పాలో అంత చెప్పాను. అది మురికి కాదు, ఒండ్రు. కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేసి కాలువలు పారించక ముందు కూడా ఈ నేలను పోసింది ఆ ఎర్రనీళ్ళే. జూలైలో నీలం గోదావరి అంటే గోదావరి కాదు. రెండు ఫోన్ కాల్స్ అయ్యాక విషయం మూసేశారు. నీళ్ళు నీలంగానే వెళ్ళాయి.

ఫలితం ఇదీ. మామ్మగారి ఇల్లు తీసేశారు, అద్దె మాత్రం పూర్తిగా ఇప్పించాను. ముగ్గు ఫ్రేము పోయింది. ఆ పిల్ల యూనిఫారంలో కాలువ గట్టున సైకిల్ తొక్కుతూ రెండు సెకన్లు ఉంది. పడవ మూడు సెకన్లు, నీలం నీళ్ళ మీద. మొత్తం మా వాటా 12 నుంచి 9కి తగ్గింది. మిగిలిన నాలుగు సెకన్లు దింపు కార్మికుడి ముఖం. మాట ఏదీ లేదు, గాలి చప్పుడు, కాయ పడిన చప్పుడు ఉన్నాయి. ఆ చప్పుడు తీయకుండా కాపాడింది మా కడప సౌండ్ ఇంజినీరు.

ఆగస్టు 15 మధ్యాహ్నం తోటకి వెళ్ళి నా ఫోన్‌లో ఆయనకి చూపించాను. వలుపు పని చేసేవాళ్ళు కూడా ఇనుప మొనల దగ్గర్నుంచి లేచి వచ్చి చుట్టూ మూగారు. ఆయన రెండుసార్లు చూశాడు. మూడోసారి తన షాట్ దగ్గర ఆపమన్నాడు. మొహం బాగానే వచ్చిందన్నాడు. తర్వాత చేతివైపు వేలు పెట్టి,

"కత్తి ఎడం చేతిలో ఉందేంటి బాబూ? నేను కుడి చేత్తో కదా కోసింది" అన్నాడు.

ఎడిటింగ్‌లో ముందు షాట్‌తో దిశ కుదరక బొమ్మను తిప్పేశారు. స్క్రీన్ మీద ఎన్నిసార్లు చూశానో, నాకు కనపడలేదు. దర్శకురాలికి ఆ మాటే మెసేజ్ పెట్టాను. వారం తర్వాత ఆన్‌లైన్‌లో ఉన్న కాపీ మారింది. నీళ్ళు నీలంగానే ఉన్నాయి. కత్తి మాత్రం కుడి చేతిలోకి వచ్చింది.